ప్యాకేజీ ఫైలును ఆజ్ఞలతో సవరించే విధానం

బెంగుళూరుకో, చెన్నైకో, భువనేశ్వరానికో, పుణెకో కంప్యూటరు చదువుల నిమిత్తం వెళ్లిన పిల్లలు మన సరిహద్దు జిల్లాలలో నేడు ఇంటింటా కనిపిస్తారు. సెలవులకు ఊరికి వచ్చినా నల్లని తెర ముందు కూర్చుంటారు. పెద్దలు అడిగితే "ప్రాజెక్టు" అనే ఒక్క మాటతో సరిపెడతారు. ఆ ప్రాజెక్టు పనిచేయకుండా పోవడానికి తరచుగా కారణమయ్యేది కష్టమైన ప్రోగ్రాము కాదు. దానికి ముందు నిలిచే ఒక చిన్న ఫైలు. ఆ ఫైలును చేతితో గీకి దిద్దడం కంటె, దాని కట్టుబడి తెలిసిన ఆజ్ఞల ద్వారా సవరించడం క్షేమమని, అలా సవరించేటప్పుడు సైతం ఎక్కడెక్కడ కాలు జారుతుందో ముందే తెలిసి ఉండాలని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

జావాస్క్రిప్ట్ భాషలో వ్రాసిన ప్రోగ్రాములను బ్రౌజరు వెలుపల నడపడానికి 2009లో ర్యాన్ డాల్ 'నోడ్' అనే సాధనాన్ని రూపొందించారు. మరుసటి సంవత్సరం ఐజాక్ ష్లూటర్ దానికి తోడుగా 'ఎన్‌పీఎం' తెచ్చారు. ఒకరు వ్రాసిన ప్రోగ్రాము ముక్కను మరొకరు తెచ్చుకొని వాడుకొనే పెద్ద సంత అది. ఆ ముక్కలనే ప్యాకేజీలంటారు. ప్రతి ప్రాజెక్టులోనూ 'ప్యాకేజ్.జేసన్' అనే ఫైలు ఒకటి ఉంటుంది. ప్రాజెక్టు పేరేమి, ఎన్నవ సంచిక, ఏ ఆజ్ఞతో నడుస్తుంది, సంతలోని ఏయే ప్యాకేజీలపై ఆధారపడి ఉన్నది అనే వివరాలన్నీ అందులోనే నమోదై ఉంటాయి.

భూమికి కోలారు, బళ్ళారి వైపు పహణి, హోసూరు, కృష్ణగిరి వైపు చిట్టా అడంగల్, మహారాష్ట్ర వైపు సాత్‌బారా ఎటువంటివో, ప్రాజెక్టుకు ఈ ఫైలు అటువంటిది. పొలం కళ్లకు కనిపిస్తూనే ఉన్నా, దస్తావేజులో పేరు ఒక అక్షరం తేడాగా పడితే ఎంత తిరగవలసి వస్తుందో సరిహద్దు కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంటి పేరు ముందా వెనుకా, పొడి అక్షరాలలోనా పూర్తిగానా అనే చిక్కు ఒక రాష్ట్రపు కాగితం నుండి మరొక రాష్ట్రపు కాగితానికి మారేటప్పుడు మనకు నిత్యానుభవమే. ఈ ఫైలును చదివే యంత్రం ఆ గుమాస్తాకంటె కఠినమైనది. "పోనీలే, అర్థమైనది" అనే మాట దాని నోట రాదు.

ఫైలు వ్రాత పద్ధతి పైకి సులభమే. ఆరంభంలోనూ అంతంలోనూ బడిలో మనం ఫ్లవర్ బ్రాకెట్లు అని పిలుచుకొనే గుర్తులు. లోపల ఒక్కొక్క వరుసలో ఒక పేరు, కోలన్, దాని విలువ. పేర్లన్నీ, మాటలుగా ఉన్న విలువలన్నీ డబుల్ కోట్స్ మధ్య ఉండవలెను. వరుసకూ వరుసకూ నడుమ కామా ఉండవలెను, చివరి వరుస తరువాత మాత్రం ఉండరాదు. వ్యాఖ్య వ్రాసుకోవడానికి అనుమతి లేదు. చేతితో దిద్దేవారు ఎక్కువగా తప్పేది ఈ కామాల దగ్గరనే. చివరి వరుసను తొలగించి, దాని పై వరుసలోని కామాను అలాగే వదిలివేస్తారు. అంతటితో ఫైలు మొత్తం చెల్లదు. వాట్సాప్‌లో స్నేహితుడు పంపిన వరుసను, లేక వర్డ్‌లో టైపు చేసుకున్న వరుసను తెచ్చి అతికించినప్పుడు నిటారు కోట్స్ బదులు వంపు తిరిగిన కోట్స్ రావడం మరొకటి. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి కావు.

ఇక ఆజ్ఞలకు వద్దాము. ఈ వ్యాసంలో వాటిని తెలుగు లిపిలో, పలికే తీరున ఇస్తున్నాము. టైపు చేసేటప్పుడు అన్నిటినీ ఆంగ్ల చిన్న అక్షరాలలో వ్రాయవలెను. 'ఎన్‌పీఎం', 'పీకేజీ', 'జేఎస్', 'సీఐ', 'జేక్యూ' అనేవి విడి అక్షరాలు. మిగిలినవి చాలావరకు ఆంగ్ల పదాలు. గుర్తులను ఉన్నవి ఉన్నట్లు వ్రాయవలెను.

ఉదాహరణకు ఒక విద్యార్థిని తన ఊరి పాల సంఘం లెక్కల కోసం చిన్న ప్రోగ్రాము వ్రాస్తున్నదనుకొందాము. ఉదయం ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతమెంత, వారానికి ఎంత చెల్లించవలెను అన్నది అందులోని విషయం. ఆమె 'పాల-లెక్క' అనే పేరుతో, ఆంగ్ల అక్షరాలలోనే, ఒక ఫోల్డరు తెరిచి, అందులోనికి వెళ్లి ఇలా వ్రాస్తుంది:

ఎన్‌పీఎం ఇనిట్ -వై

ఫోల్డరు పేరునే ప్రాజెక్టు పేరుగా తీసుకొని ప్యాకేజ్.జేసన్ తయారవుతుంది. ఫోల్డరు పేరు ఆంగ్లంలో ఎందుకంటే, ప్యాకేజీ పేరులో తెలుగు లిపి చెల్లదు. వెబ్ చిరునామాలో నేరుగా ఇమిడే అక్షరాలే ఉండవలెను, పెద్ద అక్షరాలు ఉండరాదు, పొడవు 214 అక్షరాలకు మించరాదు. అయితే ఆ నియమం పేరుకే పరిమితం. వివరణ అనే గడిలో, రచయిత పేరు గడిలో తెలుగును నిరభ్యంతరంగా వ్రాయవచ్చును. ఈ సంగతి చాలామంది పిల్లలకు తెలియదు. అన్నీ ఆంగ్లంలోనే ఉండవలెననుకొంటారు.

ఫైలులో ఏమున్నదో అడగడానికి ఆజ్ఞ ఇది:

ఎన్‌పీఎం పీకేజీ గెట్ వెర్షన్

వెర్షన్ గడిలోని విలువ తెరపై కనిపిస్తుంది. గడి పేరు ఇవ్వకుండా 'గెట్' వరకే వ్రాస్తే ఫైలు మొత్తం చూపుతుంది. లేని గడిని అడిగితే ఖాళీ ఫ్లవర్ బ్రాకెట్లు వస్తాయి. అది దోషం కాదు, ఆ గడి లేదని సమాధానం. వ్రాయడానికి 'సెట్':

ఎన్‌పీఎం పీకేజీ సెట్ డిస్క్రిప్షన్="మా ఊరి పాల లెక్కల పుస్తకం"

గడిలో మరొక గడి ఉంటే నడుమ చుక్క పెట్టవలెను. ప్రోగ్రామును నడిపే ఆజ్ఞ 'స్క్రిప్ట్స్' అనే గడి లోపల 'స్టార్ట్' అనే గడిలో ఉంటుంది కావున:

ఎన్‌పీఎం పీకేజీ సెట్ స్క్రిప్ట్స్.స్టార్ట్="నోడ్ మెయిన్.జేఎస్"

అక్కరలేని గడిని తీసివేయడానికి 'సెట్' బదులు 'డిలీట్' అని వ్రాసి గడి పేరు ఇస్తే చాలును. "నిజముగా తీసివేయనా?" అని అది అడగదు. కామాలు, కోట్స్, బ్రాకెట్లు అన్నిటినీ ఆజ్ఞయే సరిచూసుకొంటుంది. చివరి వరుసను తీసివేస్తే పై వరుస కామాను కూడా తీసివేస్తుంది. ఈ మూడు ఆజ్ఞలు 2021లో, ఎన్‌పీఎం ఏడవ సంచిక కాలంలో చేరాయి. అంతకు పూర్వపు సంచిక ఉన్న పాత కంప్యూటర్లలో ఇవి పనిచేయవు. 'ఎన్‌పీఎం -వి' అని వ్రాస్తే సంచిక సంఖ్య తెలుస్తుంది. ఇంకొక మేలు కూడా కలదు: ఈ మూడింటికీ ఇంటర్నెట్ అవసరం లేదు. సిగ్నలు కోసం మిద్దె ఎక్కవలసిన ఊళ్లలో ఇది చిన్న మాట కాదు.

ఇప్పుడు జారే చోట్లు. 'సెట్' ఆజ్ఞ తనకు ఇచ్చిన ప్రతి విలువనూ మాటగానే భావిస్తుంది. ప్రాజెక్టును పొరపాటున లోకానికంతటికీ ప్రచురించకుండా కాపాడే 'ప్రైవేట్' అనే గడి ఒకటి ఉన్నది. అందులో 'ట్రూ' అనే తార్కిక విలువ ఉండవలెను. మామూలుగా 'సెట్ ప్రైవేట్=ట్రూ' అని వ్రాస్తే కోట్స్ మధ్య 'ట్రూ' అనే మాట చేరుతుంది. తేడా ఏమిటనుకోవచ్చును. తరువాత ఎప్పుడో దానిని 'ఫాల్స్' అని ఇదే తీరున మార్చితే, అక్కడ చేరేది అయిదక్షరాల ఆంగ్ల మాట. జావాస్క్రిప్ట్ దృష్టిలో ఖాళీ కాని ఏ మాటయైనా సత్యమే. 'అబద్ధం' అని వ్రాసి ఉన్నా నిజమనే అర్థం చేసుకొంటుంది! సంఖ్యల విషయం కూడా ఇంతే: 5 అని వ్రాస్తే అయిదు అనే అంకె కాక, '5' అనే మాట చేరుతుంది. దీనికి విరుగుడు ఆజ్ఞ చివర రెండు గీతలతో 'జేసన్' అని చేర్చడం:

ఎన్‌పీఎం పీకేజీ సెట్ ప్రైవేట్=ట్రూ --జేసన్

విండోస్ వాడేవారికి మరికొన్ని చిక్కులు ఉన్నవి. మన పిల్లలలో ఎక్కువమంది చేతిలో ఉండేది విండోసే. పాఠాలు చెప్పే వీడియోలలో తరచుగా కనిపించేది మాక్ గాని లినక్స్ గాని. అక్కడ ఒంటి కోట్స్ మధ్య వ్రాసిన దానిని విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో అలాగే వ్రాస్తే, ప్రాంప్ట్ ఆ ఒంటి కోట్స్‌ను గుర్తులుగా గాక అక్షరాలుగా ఎంచుతుంది. నడుమ ఖాళీ ఉంటే విలువ అక్కడే రెండు ముక్కలవుతుంది. కావున కమాండ్ ప్రాంప్ట్‌లో ఎల్లప్పుడూ డబుల్ కోట్స్ వాడవలెను. అలాగే టోపీ ఆకారంలోని ^ గుర్తుకు అక్కడ ప్రత్యేకార్థం కలదు. కోట్స్ లేకుండా వ్రాస్తే ప్రాంప్ట్ దానిని తానే మింగివేస్తుంది, ఫైలు వరకు చేరనివ్వదు. ఈ గుర్తు లేకపోతే ఏమవుతుందో కొద్దిసేపటిలో చూద్దాము.

తెలుగు వ్రాసుకొనేవారిని బాధించే దోషం మరొకటి. విండోస్‌తో పాటు వచ్చే పవర్‌షెల్ 5.1 సంచికలో ఫైలును చదివి, మార్చి, 'సెట్-కంటెంట్' అనే ఆజ్ఞతో తిరిగి వ్రాస్తే, అది యూనికోడ్‌లో గాక విండోస్ పాత సంకేత పట్టికలో వ్రాస్తుంది. ఆ పట్టికలో తెలుగు లేదు. "మా ఊరి పాల లెక్కల పుస్తకం" అన్నది వరుసగా ప్రశ్నార్థకాలైపోతుంది. పోయిన అక్షరాలు ఆ ఫైలు నుండి తిరిగి రావు. ఆ సంచికలోనే > గుర్తుతో ఫైలులోనికి మళ్లిస్తే అది మరొక విధమైన యూనికోడ్‌లో, యూటీఎఫ్-16లో, వ్రాస్తుంది. యూటీఎఫ్-8ను ఆశించే సాధనాలు ఆ ఫైలును చదవలేవు. పైన చెప్పిన 'పీకేజీ సెట్' ఆజ్ఞకు ఈ బెడద లేదు, తెలుగును తెలుగుగానే భద్రపరుస్తుంది. అయితే నల్లని తెరపై ఒత్తులు, గుణింతాలు విడివిడిగా, చెదిరినట్లు కనిపించవచ్చును. అది చాలా టెర్మినళ్లకు మన లిపిని కూర్చి చూపడం చేతకాకపోవడం వలన జరిగేది. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే అక్షరాలు సవ్యంగానే ఉంటాయి. కంగారుపడి మళ్లీ మళ్లీ వ్రాయనక్కరలేదు.

అన్నిటికంటె బరువైన గడి 'డిపెండెన్సీస్'. ప్రాజెక్టు ఆధారపడే ప్యాకేజీల పట్టిక అది. ఇక్కడ మా అభిప్రాయం ఖండితంగా చెబుతాము: ఈ గడిని చేతితో గాని, 'పీకేజీ సెట్'తో గాని మార్చరాదు. దీనికి వేరే ఆజ్ఞలు ఉన్నవి. తెచ్చుకోవడానికి 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' అని వ్రాసి ప్యాకేజీ పేరు, తొలగించడానికి 'ఎన్‌పీఎం అన్‌ఇన్‌స్టాల్' అని వ్రాసి పేరు. కారణమేమనగా, 2017లో వచ్చిన అయిదవ సంచిక నుండి ప్యాకేజ్.జేసన్‌కు ఒక జంట ఫైలు ఏర్పడింది. దాని పేరు 'ప్యాకేజ్-లాక్.జేసన్'. మొదటి ఫైలు "ఈ ప్యాకేజీ సుమారు ఈ సంచికలో కావలెను" అంటుంది. రెండవది "నిర్దిష్టంగా ఈ సంచికయే, ఈ చోటు నుండియే తెచ్చినాము" అని ముద్ర వేసి ఉంచుతుంది. 'ఇన్‌స్టాల్' రెండింటినీ కలిపి మారుస్తుంది. 'పీకేజీ సెట్' మొదటిదానినే మారుస్తుంది. ఇంటి కంప్యూటరులో ఆ తేడా బయటపడకపోవచ్చును. ప్రాజెక్టును సర్వరులో పెట్టేటప్పుడు సాధారణంగా 'ఎన్‌పీఎం సీఐ' అనే ఆజ్ఞను వాడతారు. అది రెండు ఫైళ్లనూ సరిపోల్చి, పొంతన లేకుంటే పని నిలిపివేస్తుంది. తెల్లవారితే ప్రాజెక్టు చూపవలసి ఉండగా, రాత్రి పన్నెండు గంటలకు ఇది తెలియడం ఎంత వ్యథో విద్యార్థులకే ఎరుక.

సంచిక సంఖ్యకు ముందుండే గుర్తుల సంగతి ఇప్పుడు చెప్పుకోవచ్చును. సంఖ్యలో మూడు భాగాలు ఉంటాయి, 1.2.3 అనుకొందాము. మొదటి భాగం మారితే పాత వాడుక చెల్లకపోవచ్చునని అర్థం. రెండవది మారితే కొత్త సదుపాయాలు చేరినట్లు. మూడవది మారితే దోషాలు దిద్దినట్లు. సంఖ్యకు ముందు టోపీ గుర్తు ^ ఉంటే 1.2.3 మొదలుకొని 2.0.0కు లోపల ఏదైనా అంగీకారమే. అలవంటి ~ గుర్తు ఉంటే 1.3.0కు లోపలివే. ఏ గుర్తూ లేకుంటే సరిగా 1.2.3 మాత్రమే. ఇందాక కమాండ్ ప్రాంప్ట్ మింగివేసిన టోపీ గుర్తు పోతే, దోష సవరణలు వచ్చినా ప్రాజెక్టు పాత సంచిక దగ్గరనే ఆగిపోతుంది. సంఖ్య సున్నాతో మొదలైతే టోపీ గుర్తు కూడా జాగ్రత్త వహిస్తుంది: ^0.2.3 అంటే 0.3.0కు లోపలివే.

ప్యాకేజీ పేరును టైపు చేసేటప్పుడు ఎందుకంత జాగ్రత్త వహించవలెనో తెలిపే సంఘటన 2017లో జరిగింది. 'క్రాస్-ఎన్వ్' అనే ప్యాకేజీ నడుమ ఒక హైఫన్ ఉంటుంది. ఎవరో ఆ హైఫన్ తీసివేసి, అదే పేరు పోలికతో మరొక ప్యాకేజీని సంతలో పెట్టారు. అసలు ప్యాకేజీ చేసే పనినే చేస్తూ, తెచ్చుకున్నవారి కంప్యూటరులోని రహస్య వివరాలను లోలోపల వేరొక చోటికి పంపేది. అదే ఖాతా నుండి ఇటువంటి పేర్లతో వచ్చిన సుమారు నలభై ప్యాకేజీలను ఎన్‌పీఎం వారు తొలగించారు. పేరులో ఒక్క గీత! ప్యాకేజీని తెచ్చుకొన్న క్షణంలోనే దానిలోని కొన్ని ఆజ్ఞలు తమంతట తాము నడవగలవు కనుక "తెచ్చి చూస్తాను, బాగుండకపోతే తీసివేస్తాను" అనే మాట ఇక్కడ పనికిరాదు. పేరును ఆ ప్యాకేజీ సొంత పుట నుండి తీసుకొనడమే మేలు.

ఆధారపడటంలోని అపాయం 2016 మార్చి 22న మరొక విధంగా బయటపడింది. 'లెఫ్ట్-ప్యాడ్' అనే ప్యాకేజీని దాని రచయిత సంత నుండి ఉపసంహరించుకొన్నారు. అది పదకొండు వరుసల ప్రోగ్రాము. 7 అనే అంకె ముందు సున్నాలు చేర్చి 007గా చూపడం వంటిదే దాని పని. పాల సంఘం పుస్తకంలో సభ్యుల సంఖ్య వ్రాసినట్లు. దానిపై ఆధారపడిన వాటిపై మరికొన్ని, వాటిపై ఇంకొన్ని ఆధారపడి ఉండటంతో ప్రపంచమంతటా వేలాది ప్రాజెక్టులు ఒక్కసారిగా నిలిచిపోయాయి. కొద్ది గంటలలో దానిని తిరిగి పెట్టారు. మూడు సున్నాలు చేర్చుకోవడానికి మన విద్యార్థిని మూడు వరుసలు తానే వ్రాసుకోవచ్చునన్నది వేరే సంగతి.

మొబైలు డేటాతో నెట్టుకువచ్చేవారికి ఒక సౌలభ్యం. 'ఇన్‌స్టాల్' ఆజ్ఞ చివర '--ప్యాకేజ్-లాక్-ఓన్లీ' అని చేర్చితే, ప్యాకేజీలను పూర్తిగా దింపుకొనకుండా రెండు ఫైళ్లలో నమోదు మాత్రం చేస్తుంది. తరువాత మంచి నెట్ దొరికిన చోట 'ఎన్‌పీఎం సీఐ' అంటే అన్నీ దిగుతాయి. అలాగే ప్రాజెక్టును పెన్‌డ్రైవులో స్నేహితులకు ఇచ్చేటప్పుడు 'నోడ్_మాడ్యూల్స్' అనే భారీ ఫోల్డరును మోయనక్కరలేదు. ఈ రెండు ఫైళ్లు, సొంతంగా వ్రాసిన ప్రోగ్రాములు ఉంటే చాలును.

ఎన్‌పీఎం లేని చోట 'జేక్యూ' అనే సాధనంతో కూడా ఇటువంటి ఫైళ్లను సవరించవచ్చును. మంచి సాధనమే గాని, దానిని వాడేవారు తరచుగా పడే గొయ్యి ఒకటి ఉన్నది. ప్యాకేజ్.జేసన్‌ను చదివి, మార్చి, > గుర్తుతో తిరిగి ప్యాకేజ్.జేసన్‌లోనికే మళ్లిస్తారు. కమాండ్ లైన్ ఆజ్ఞను నడపడానికి ముందే > గుర్తు తరువాత ఉన్న ఫైలును ఖాళీ చేసి సిద్ధం చేస్తుంది. జేక్యూ చదవడానికి వచ్చేసరికి అక్కడ ఏమీ ఉండదు. ఫలితం, సున్నా అక్షరాల ఫైలు. నీళ్లు తోడకముందే పాత్రను బోర్లించినట్లన్నమాట. ఫలితాన్ని వేరొక పేరుతో తాత్కాలిక ఫైలులోనికి వ్రాసి, సరిగా ఉన్నదని చూసుకొన్న పిమ్మట దానిని అసలు పేరుకు మార్చవలెను.

ప్రాజెక్టు సంచిక సంఖ్యను పెంచడానికి 'ఎన్‌పీఎం వెర్షన్ ప్యాచ్' అంటే మూడవ భాగం ఒకటి పెరుగుతుంది. 'మైనర్' అంటే రెండవది, 'మేజర్' అంటే మొదటిది. ప్రాజెక్టు 'గిట్' అనే భద్రతా పద్ధతిలో ఉంటే ఈ ఆజ్ఞ అక్కడ కూడా ఒక నమోదు చేసి, గుర్తుచీటీ తగిలిస్తుంది. అసంపూర్తి మార్పులు మిగిలి ఉంటే ముందుకు సాగనని చెబుతుంది. దానిని మొండితనమనుకొని బలవంతం చేసే పిల్లలున్నారు; ముందు ఆ మార్పులను నమోదు చేయడమే సరియైన పని.

గిట్ వాడేవారు సవరణ చేసిన వెంటనే 'గిట్ డిఫ్ ప్యాకేజ్.జేసన్' అని వ్రాయవలెను. తీసివేసిన వరుస ముందు తీసివేత గుర్తు, చేర్చిన వరుస ముందు కూడిక గుర్తు కనిపిస్తాయి. ఒక్క వరుస మార్చామనుకొన్నచోట పది వరుసలు మారి ఉంటే అక్కడే ఆగి చూడవలెను. వద్దనుకొంటే 'గిట్ రిస్టోర్ ప్యాకేజ్.జేసన్ ప్యాకేజ్-లాక్.జేసన్' అని రెండు ఫైళ్లనూ కలిపే వెనుకకు తెచ్చుకొని, 'ఎన్‌పీఎం సీఐ' నడపవలెను. ఒకదానినే తెచ్చుకొంటే మళ్లీ పొంతన చెడుతుంది. ఇంకా గిట్ నేర్వనివారు సవరణకు ముందు రెండు ఫైళ్లకూ నకలు తీసి, తేదీ వేసిన వేరొక ఫోల్డరులో ఉంచుకొనవచ్చును.